నాలుగో పేజీ కింద సంతకం

మా తోడికోడలికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, తర్వాత చెబితే దెప్పుతున్నానంటారు. మా మరిది పెళ్ళయిన ఆరు నెలలకు, ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని ఆ అమ్మాయి నా దగ్గర మొత్తుకుంటే, జాలిపడి మా ప్రయోగశాల పెద్దాయనతో ఓ మాట చెప్పి, నా బల్ల పక్కనే ఇంకో బల్ల వేయించాను. అప్పటికి నాకక్కడ ఎనిమిదేళ్ళ అనుభవం. ఈ గొడవ జరిగేనాటికి పదకొండు. ఏరికోరి తెచ్చుకున్న తలనొప్పికి ఇంకొకరిని అనడానికి లేదు.

మేం చేసే పని సంకేతాలను ఆలస్యం చేయడం. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అత్తగారు, "ఆలస్యం చేసినందుకు కూడా జీతమిస్తారా? అయితే మా పెద్దాడికి ఎప్పుడో ఇవ్వాల్సింది" అన్నారు. పెద్దాడంటే మా ఆయనే. నవ్వులాట పక్కన పెడితే, అది నిజంగా అవసరమైన పని. దూరాన ఉన్నవాటిని పసిగట్టే యంత్రం ఇప్పుడొచ్చిన సంకేతాన్ని ఇందాక వచ్చినదానితో పోల్చి చూడాలి. పోల్చాలంటే ఇందాకటిదాన్ని కాసేపు ఎక్కడో ఆపి ఉంచాలి. సెకనుకు ఆరు కోట్లసార్లు ఊగే విద్యుత్తు ఆగమంటే ఆగుతుందా? తీగలో పోనిచ్చి ఆలస్యం చేద్దామంటే, సెకనులో లక్షో వంతు ఆపడానికి రెండు కిలోమీటర్ల తీగ కావాలి. అందుకని దాన్ని శబ్దంగా మార్చి ఒక స్ఫటికపు కడ్డీలోకి పంపుతాం. చెవికి వినపడే శబ్దం కాదది. అయినా శబ్దం శబ్దమే, విద్యుత్తు పక్కన దానిది నత్తనడక. చిటికెనవేలంత కడ్డీని దాటడానికి దానికి ఆ లక్షో వంతు కాలం పడుతుంది. అవతలి చివర మళ్ళీ విద్యుత్తుగా మార్చి బయటికి తీసుకుంటాం. ఆ కడ్డీని మేమందరం రాయి అనే అంటాం.

రాళ్ళు అరగదీసేది నేను. నా చేతిలో ఒక విద్య ఉందని పదకొండేళ్ళుగా అందరూ ఒప్పుకున్నారు. అవతలి చివరకు చేరిన శబ్దమంతా బయటికి రాదు. కొంత ఆ చివర తగిలి వెనక్కొస్తుంది, ఇవతలి చివర తగిలి మళ్ళీ ముందుకు పోతుంది. అలా అసలు సంకేతం వెళ్ళిపోయాక దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి దొంగ సంకేతాలు వస్తాయి. వాటికి మేం పెట్టుకున్న పేరు తోక. తోక ఉన్న రాయి ఎందుకూ పనికిరాదు, యంత్రం లేనిదాన్ని ఉన్నట్టు చూస్తుంది. ఆ తోక కోయడమే నా పని. చివరను వెంట్రుకవాసి ఏటవాలుగా అరగదీసి, వెనక సీసపు బిళ్ళ అంటిస్తాను. వెనక్కి రావలసిన శబ్దం అటూఇటూ చెదిరిపోయి సీసంలో ఇంకిపోతుంది. ఎంత వాలు పెట్టాలో కొలిచి చెప్పే పనిముట్టు ఉంది గాని, నేను దాన్ని తీసి చూసి చాలా ఏళ్ళయింది. వేళ్ళకే తెలుస్తుంది.

మా ప్రయోగశాలలో ఇంకో పద్ధతి ఉంది. దాని గురించి ఇక్కడే చెప్పాలి. ఎవరు ఏ ప్రయోగం చేసినా తమ పుస్తకంలో రాసుకోవాలి. కుట్టు వేసిన పుస్తకం, ప్రతి పేజీకీ అచ్చువేసిన నంబరు. చింపడానికి లేదు, కొట్టేసి రాయడానికి లేదు. ప్రతి పేజీ కిందా 'చదివి అర్థం చేసుకున్నాను' అని అచ్చులో ఉంటుంది. ఆ పనితో సంబంధం లేని ఇంకొకరు దాని కింద సాక్షి సంతకం పెట్టి తేదీ వేయాలి. రేపెప్పుడైనా ఇది ముందు కనిపెట్టింది మేమే అని పేటెంటు కోసం కొట్లాడాల్సి వస్తే ఆ తేదీయే దిక్కు. నా బల్ల తలుపు పక్కనే ఉంటుంది కాబట్టి, సాయంత్రం ఇంటికి పోతూ పోతూ ప్రతివాళ్ళూ పుస్తకం నా ముందు తెరిచి పెట్టేవాళ్ళు. నేను చూపు రాయి మీంచి తిప్పకుండానే సంతకం గీకి తేదీ వేసేదాన్ని. ఎన్ని వందల పేజీలో లెక్కలేదు. నాకు సంతకాలక్క అని పేరు కూడా పెట్టారు. ఆ పేజీల్లో ఒక్కటంటే ఒక్కటి నేను చదివి ఎరగను.

ఇక మా తోడికోడలు. పిల్ల మంచిది, అదే అసలు బాధ. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. వచ్చిన ఏడాదికే అందరికీ తలలో నాలుక అయిపోయింది. ఏది చూసినా ఎందుకని అడుగుతుంది. అడిగేటప్పుడు సిగ్గుపడదు. నేను అడగడం మానేసి చాలా కాలమైందని ఆ అమ్మాయిని చూశాకే నాకు తెలిసింది. ఇంటి దగ్గర సంగతి సరేసరి. మా అత్తగారి నోట చిన్నకోడలి మాట లేకుండా పూట గడవదు. చిన్నది ఉద్యోగం చేస్తూ కూడా ఇల్లు అద్దంలా ఉంచుతుంది, చిన్నది ఎంత అలసిపోయినా ముఖం మాడ్చుకోదు. మాడ్చుకునే ముఖం ఎవరిదో పేరు పెట్టి చెప్పరు గాని, నాకు తెలియకపోతే గదా.

అలాంటి రోజుల్లో ఓనాడు నేను ఓ రాయిని సానబెడుతుండగా అత్తగారి ఫోను వచ్చింది. చిన్నది తన గదికి కొత్త తెరలు తనే కుట్టి తగిలించిందట, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని. నువ్వూ నేర్చుకోకూడదా అనలేదు. అనకుండానే వినిపించడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఫోను పెట్టేసి, ఒళ్ళు మండిపోతూ, రాయిని బిగింపులో పెట్టి అరగదీశాను. ఏటవాలు పెట్టడం మరిచిపోయాను. పదకొండేళ్ళలో మొదటిసారి. కోపంలో ఉన్నప్పుడు నా చేయి ఇంకా నిలకడగా ఉంటుంది కాబోలు, రెండు చివరలూ ఒకదానికొకటి అచ్చంగా సమానంగా వచ్చాయి. సంకేతాలు చూపించే యంత్రానికి తగిలించి దాని తెర మీద చూస్తే ఒక తోక కాదు, వరసగా ముప్పై. ఒకదాని వెనక ఒకటి, మెల్లగా చిన్నవవుతూ, తెర చివరిదాకా. సిగ్గేసి, ఎవరూ చూడకముందే తీసి 'పనికిరానివి' అని రాసి ఉన్న డబ్బాలో పడేశాను.

ఆ వారమే ఆదివారం భోజనాలకు అత్తగారింటికి వెళ్ళాం. భోజనాల మధ్యలో ఆవిడ మళ్ళీ ఆ పాత మాట తీశారు. పెళ్ళయిన కొత్తలో నేను 'ఈ ఇంట్లో గాలి ఆడదు' అన్నానట. కిటికీ గురించి అన్నాను. పద్నాలుగేళ్ళుగా అది కిటికీ గురించి కాకుండా పోయింది. తర్వాత వంటగదిలో గిన్నెలు కడుగుతూ తోడికోడలితో నా అక్కసు వెళ్ళగక్కాను.

"ఈ ఇంట్లో మాటకు చావు లేదే. ఈ గోడకు తగిలి ఆ గోడకు పోతుంది, ఆ గోడకు తగిలి ఈ గోడకొస్తుంది. ఇక నీరసపడి పోతుందిలే అనుకునేలోపు ఆవిడ ఇంకో తోపు తోస్తుంది. అలా తోస్తూ పోతే వందేళ్ళయినా బతుకుతుంది."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, చేతిలో తడిగిన్నె పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. ఏమైందే అంటే ఏం లేదక్కా అంది. నేను అంతటితో మరిచిపోయాను.

ఓ సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి అందరూ ఆ అమ్మాయి బల్ల చుట్టూ మూగి ఉన్నారు. పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు, టీ కప్పు చేతిలో చల్లారిపోతోంది. తెర మీద తోకలు. ముప్పై కాదు, లెక్కపెట్టలేనన్ని, ఒక్కటీ తగ్గకుండా అన్నీ ఒకే ఎత్తున. శబ్దం వెనక్కొచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానికి ఇవతలి చివర చిన్న ఊతమిచ్చే ఏర్పాటు చేసింది. అలిసిపోయేలోపు ఓ తోపు. అలా ఐదువందల చుట్లు తిరిగింది సంకేతం, ఆ తర్వాత కూడా గుర్తుపట్టేలా ఉంది. లక్షో వంతు కోసం మేం తంటాలు పడుతుంటే, ఆ పిల్ల సెకనులో నూరో వంతు ఆపింది. ఆపడం కూడా కాదు, దాచిపెట్టింది. కావలసినప్పుడు తీసుకోవచ్చు. "ఇది ఆలస్యం కాదు, జ్ఞాపకం" అన్నాడు పెద్దాయన. పదకొండేళ్ళలో ఆ మనిషి గొంతు అలా పలకగా నేను వినలేదు.

నేను చూసింది తెరను కాదు, రాయిని. ఒక మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. బిగింపులోంచి విసురుగా లాగినప్పుడు నా వల్లే ఊడిన పెచ్చు. నా రాయి, నేను పారేసిన రాయి. తోకను పదకొండేళ్ళు నేను పట్టుకున్నాను, రోజూ చూశాను, రోజూ కోశాను. అది దొంగ అనే అనుకున్నాను గాని, దాచుకునే చోటు అని ఒక్కసారీ తట్టలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు తట్టింది. ఇంకెవరికి తట్టినా ఇంత మండేది కాదేమో. పక్క బల్లకు తట్టింది, మా అత్తగారి చిన్నకోడలికి తట్టింది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందరిలా తెరిచి వేలుపెట్టి చూపించలేదు. రెండు చేతులతో పట్టుకుని మూసిన పుస్తకమే పెట్టింది.

"ఇది మీరు చదవాలక్కా. తీరిగ్గా, నాలుగు పేజీలూ. చదివాక మాట్లాడుకుందాం."

తను వెళ్ళాక తెరిచాను. మొదటి పేజీలో తేదీ, పనిముట్ల జాబితా, మూడో వరసలో 'పనికిరానివాటి డబ్బాలోంచి తీసుకున్న రాయి'. అక్కడితో పుస్తకం మూసేశాను. నా రాయికి పేరు లేదు, ఊరు లేదు. డబ్బాలోంచి తీసుకున్న రాయి. ఇప్పుడు దాని కింద నేను సాక్షి సంతకం పెట్టాలి. సాక్షి అంటే ఈ పనితో సంబంధం లేని మనిషి. అంటే నాకూ దీనికీ ఏ సంబంధమూ లేదని నా చేత్తో నేనే రాసివ్వాలి. ఎంత తెలివి, అనుకున్నాను. చదవండక్కా అని తేనె పూసి మరీ అడిగింది. పుస్తకాలు ప్రయోగశాల దాటి పోకూడదు కాబట్టి, నా సొరుగులో సీసపు బిళ్ళల డబ్బా కింద పెట్టి తాళం వేశాను.

తొమ్మిది రోజులు అలాగే ఉంచాను. నా వృత్తే అది గదా, ఆపి ఉంచడం. ఆ తొమ్మిది రోజుల్లో తోడికోడలు రెండుసార్లు అడిగింది. చదివారా అక్కా అని మొదటిసారి. తీరికేదీ అన్నాను. రెండోసారి మాట సగంలో మింగేసి, నా ముఖం చూసి వెళ్ళిపోయింది. పక్కగదిలో లెన్సులు చేసే అద్దాలాయన వచ్చి, మీ తోడికోడలి పుస్తకం మీ దగ్గరుందటగా, అయిందా అన్నాడు. ఈయనకెందుకు అని ఒళ్ళు మండి, అయినప్పుడు అవుతుంది అన్నాను. ఆయన ఎందుకు అడిగాడో ఆలోచించే తీరిక నా కుళ్ళుకు లేదు.

ఆదివారం అత్తగారింట్లో చూడాలి సంబరం. మా చిన్నకోడలు కరెంటును రాయిలో పెట్టి దాచేసిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. తోడికోడలు రెండుసార్లు, "నేనొక్కదాన్నే కాదత్తయ్యా" అనబోయింది గాని ఆవిడ వినే స్థితిలో లేరు. నాకు అది కూడా అణకువ ప్రదర్శనలాగే కనిపించింది. ఇంటికొస్తూ దారిలో మా ఆయన అడిగారు.

"తనకు పేరొస్తే మనింటికే గదా పేరు. నువ్వెందుకలా ఉన్నావ్?"

"మీకు తమ్ముడి భార్య. నాకు పక్క బల్ల" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. వివరించే ఓపిక నాకు లేదు. నడుస్తూనే లెక్కలు వేసుకున్నాను. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? ఇంకొకరి చేత పెట్టించుకుంటుంది. పెద్దాయన దగ్గరికెళ్ళి రాయి నాదని చెబితే? పారేసినదానికి హక్కేమిటమ్మా అంటాడు. ఆ మాట ఆయన నోట వినడం కంటే పుస్తకం సొరుగులో ఉండటమే నయమనిపించింది. అక్కడున్నంతసేపూ అది నాదీ కాదు, తనదీ కాదు.

బుధవారం పెద్దాయన అందర్నీ పిలిచాడు. ఇంకో నగరంలో మాలాంటి పనే చేసే ఇంకో ప్రయోగశాల ఉంది. వాళ్ళు శుక్రవారం ఒక సభలో ఇలాంటిదే ప్రదర్శించబోతున్నారని కబురు వచ్చింది. మన తేదీ వాళ్ళకంటే ముందుండాలి, పుస్తకం ఎక్కడ అని అడిగాడు. తోడికోడలు నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో నాకు కనబడుతూనే ఉంది.

"నా దగ్గరే ఉందండీ. రాయడం ఇంకా పూర్తికాలేదు" అంది.

పదిమంది ముందు చీవాట్లు తింది. ఇంత ముఖ్యమైన పనికి తొమ్మిది రోజులు సాక్షి లేకుండా ఎలా ఉంచావమ్మా అని పెద్దాయన గొంతు పెంచాడు. ఆ అమ్మాయి తల వంచుకుని విన్నది. నా పేరు ఎత్తలేదు. నా తల కొట్టేసినట్టయింది.

సమావేశం ముగిసీ ముగియకముందే నా బల్ల దగ్గరికి వచ్చి సొరుగు తీశాను. పెడతాను, పెట్టి పారేస్తాను, ఇక దీనితో నాకు పనిలేదు అనుకున్నాను. చదివితే చేయి ఆగిపోతుందని భయం. అందుకని పై వరసలను ఎడమ అరచేత్తో కప్పేసి, ఒక్కొక్క పేజీ కిందా సంతకం పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాత తేదీ వేసెయ్యనా అని ఒక్క క్షణం అనిపించింది. అంత దిగజారలేదులే అని బుధవారం తేదీయే వేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆ నీళ్ళలో కొంత గర్వం కూడా ఉంది. నాకు రావలసినదాన్ని నేనే వదులుకున్నాను, ఎంత గొప్పదాన్ని అని. ఆ గొప్పతనం తోడికోడలికి చూపించడం ఇష్టంలేక, పుస్తకం తీసుకెళ్ళి నేరుగా పెద్దాయన చేతికే ఇచ్చాను. ఆయన సంతకాలు, తేదీలు చూసుకుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

శుక్రవారం వాళ్ళ ప్రదర్శన జరిగింది. సోమవారం పేటెంటు విభాగం నుంచి ఒకావిడ వచ్చి మా ఇద్దర్నీ పెద్దాయన గదిలోకి పిలిచింది. నన్నెందుకు పిలిచారో నాకు అర్థం కాలేదు, సాక్షిని గదా అందుకే కాబోలు అనుకున్నాను. ఆవిడ పుస్తకం నాలుగో పేజీ దగ్గర తెరిచి, ఇక్కడో చిక్కుంది అంటూ పైకి చదివింది.

రాయి చేసింది ఫలానా అని నా పేరు. రెండు చివరలూ ఇంత సమానంగా అరగదీయగల చేయి ఈ ప్రయోగశాలలో ఇంకొకటి లేదని, ఆ రాయే లేకపోతే సంకేతం పది చుట్లు కూడా తిరిగేది కాదని. నీరసపడేలోపు ప్రతి రాకకూ ఊతమివ్వాలన్న ఆలోచన ఫలానా ఆదివారం నేనన్న మాటల్లోంచే వచ్చిందని, ఆ తేదీతో సహా. వంటగది అని రాయలేదు, మా ఇద్దరి పరువూ కాపాడింది. కింద 'ఆవిష్కర్తలు' అని గీత గీసి రెండు పేర్లు. మొదటిది నాది.

ఆ రెండు పేర్ల కింద, నాలుగు వేళ్ళ దూరంలో, 'చదివి అర్థం చేసుకున్నాను'. దాని కింద నా సంతకం.

నా సంతకం పడ్డాక తోడికోడలు ఆ పేజీని చూడటం అప్పుడే. నేను పుస్తకం తన చేతికి ఇవ్వలేదు గదా. నోరు తెరిచి నా వైపు చూసి, మళ్ళీ సంతకం వైపు చూసింది. అద్దాలాయన ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. సాక్షిగా సంతకం పెట్టాల్సింది ఆయన. నేను చదివి సరేనన్నాక పెడతానని కాచుకుని కూర్చున్నాడు.

వచ్చినావిడ ఓపిగ్గా చెప్పింది. ఆవిష్కర్త తన పనికి తనే సాక్షి కాకూడదు. నా పేరు ఆవిష్కర్తగా ఉండాలంటే ఈ సంతకాలు చెల్లవు. వేరే సాక్షి ఇవాళ్టి తేదీతో పెట్టాలి. అప్పుడు మన తేదీ సోమవారం, వాళ్ళది శుక్రవారం. బుధవారం తేదీ నిలబడాలంటే సంతకాలు ఉండాలి, ఆవిష్కర్తల్లోంచి నా పేరు పోవాలి. రెండూ కావాలంటే కుదరదు.

"అక్క పేరు ఉండాల్సిందే. తేదీ పోతే పోనీండి" అంది తోడికోడలు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేనైతే ఆలోచించేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు. మంచితనం కూడా నాకంటే ముందు తనకే తట్టాలా?

బల్ల మీద పేపర్‌వెయిట్‌ను పెద్దాయన అటూఇటూ జరుపుతున్నాడు. నేను ఆ పేజీ వైపు చూశాను. నా పేరు, గుండ్రటి చేతిరాతలో, మొదటి పేరుగా. పదకొండేళ్ళలో నా పేరు ఏ పుస్తకంలోనైనా పేజీ అడుగునే ఉండేది. పైన ఉండటం అదే మొదటిసారి. ఉంచేయండి అని నోటిదాకా వచ్చింది. ఉంచితే అది నా పేరున్న పనికిరాని కాగితం అవుతుంది. తన మూడేళ్ళూ, నా రాయీ రెండూ కలిసి మళ్ళీ ఆ డబ్బాలోకే పోతాయి.

"సంతకాలు ఉండనివ్వండి" అన్నాను.

"అయితే ఒక్క ప్రశ్న. రేపు ఇదే మిమ్మల్ని ప్రమాణం చేయించి అడుగుతారు" అందావిడ కలం తీస్తూ. "ఇవి మీరు చదివే పెట్టారు గదా?"

చదవలేదంటే ఆ సంతకానికి విలువే లేదు, తేదీ కూడా పోతుంది. చదివానంటే, నా పేరు మొదట ఉందని చూసి కూడా, నేను కాదు అని రాసిచ్చినట్టు. తోడికోడలు నన్నే చూస్తోంది. చదవలేదని తనకు తెలుసు. చదివి ఉంటే తొమ్మిది రోజులు అలా ముఖం తిప్పుకుని తిరిగేదాన్ని కాదని తనకు తెలుసు.

"చదివాను" అన్నాను. "అర్థం చేసుకున్నాను."

ఆవిడ రాసుకుంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఎప్పుడో అన్నాడు, నీ అంత పెద్దమనసు నేను చూడలేదమ్మా అని. ఆ మెప్పు నాకు పుండు మీద కారంలా ఉంది.

బయట వరండాలో తోడికోడలు నన్ను ఆపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కోపంగా ఉంది. మూడేళ్ళలో తన కోపం చూడటం అదే మొదటిసారి.

"ఎందుకు చదవలేదక్కా?"

ఇంక దాచడానికి ఏముంది? "నువ్వంటే కుళ్ళు నాకు. అందుకే."

"తెలుసక్కా" అంది. "అందుకే ముందు మీ చేతికిచ్చాను."

పేటెంటు వచ్చి ఏడాది దాటింది. దాని ప్రతిని అద్దం కట్టించి వరండాలో తగిలించారు. అందులో సాక్షుల పేర్లు ఉండవు. మా అత్తగారు దాన్ని ఫోనులో పెట్టుకుని అందరికీ చూపిస్తారు. ఇప్పుడు నేను రాళ్ళను రెండు చివరలూ సమానంగానే అరగదీస్తున్నాను, నా సొరుగులో సీసపు బిళ్ళలు అలాగే పడి ఉన్నాయి. సాయంత్రం పుస్తకం తెచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి చదువుతాను. రైలుకు టైమవుతోందని అద్దాలాయన గొణుగుతాడు. గొణగనీ.

తోడికోడలు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అత్తగారిలా దెప్పి ఉంటే ఎప్పుడో చెల్లుకు చెల్లు అయిపోయేది. 'తెలుసక్కా' అన్న ఆ ఒక్క మాట నాలో ఈ చివర తగిలి ఆ చివరకూ, ఆ చివర తగిలి ఈ చివరకూ తిరుగుతూనే ఉంది. అది నీరసపడేలోపు నేనే ఇంకో తోపు తోస్తున్నాను.